కాలేజీలో పలికిన గొంతు పెళ్లయ్యాక ఏమవుతోంది?

ఆడపిల్ల కాలేజీలో చేరుతోందంటే మన ఇళ్లలో మూడు జాగ్రత్తలు చెప్పి పంపిస్తాం. చదువు పాడు చేసుకోకు, అబ్బాయిలతో ఎక్కువ మాటలు పెట్టుకోకు, పొద్దుగూకక ముందే హాస్టల్‌కి చేరుకో అని. క్రైస్తవ కుటుంబాల్లో వీటికి నాలుగోది కూడా కలుస్తుంది. "బిడ్డా, ఏది మానినా ప్రార్థన మానకు" అని. సూట్‌కేసులో బట్టల మడతల మధ్య బైబిలు, పచ్చడి సీసా పక్కన పాటల పుస్తకం సర్ది మరీ సాగనంపుతారు.

అమ్మానాన్నల దృష్టిలో ఆ బైబిలు ఒక కాపలా. పిల్ల దారి తప్పదని వాళ్లకో ధైర్యం. కానీ కాలేజీలో జరిగేది వేరు. కాపలా అనుకుని పంపిన ఆ ప్రార్థన గుంపులోనే చాలామంది ఆడపిల్లలు జీవితంలో మొదటిసారి నలుగురి ముందు నోరు విప్పుతారు. ప్రశ్న అడుగుతారు. "నాకట్లా అనిపించట్లేదన్నా" అని సీనియర్ అబ్బాయితో చెప్పగలుగుతారు. ఈ సంగతి కన్నవాళ్లకు పెద్దగా తెలియదు. సంఘ పెద్దలకు అంతకన్నా తెలియదు. తెలిస్తే, పెళ్లి కాగానే ఆ గొంతు ఎటు పోయిందని ఒక్కరైనా అడిగేవారు కదా!

నేను అడగదలుచుకున్నది అదే.

మా పల్లె మహబూబాబాద్ వైపు. 2005 ప్రాంతంలో డిగ్రీ చదువుకని హన్మకొండ వచ్చాను. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ కలిసిపోయిన ఈ ఊరు చదువుల ఊరని మీకు చెప్పక్కర్లేదు. 1959లో ఇక్కడ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 2002లో అదే నిట్ అయింది. కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చిందీ 1959లోనే. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. సుబేదారిలో ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, వడ్డేపల్లిలో పింగళి మహిళా కళాశాల, ఇవి కాక ఊరంతా నర్సింగ్ కాలేజీలు, బీఎడ్ కాలేజీలు, జూనియర్ కాలేజీలు. ములుగు, నర్సంపేట, జనగామ, భూపాలపల్లి, ఎక్కడెక్కడి పిల్లలో బస్సెక్కి ఇక్కడికే వస్తారు. వాళ్లలో చాలామంది, తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లలు.

క్రైస్తవం కూడా ఈ ప్రాంతానికి కొత్తది కాదు. హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు ఎప్పుడో ఆసుపత్రి పెట్టారు. కాజీపేటలో ఫాతిమా మాత కెథీడ్రల్ ఉంది, అక్కడ కేథలిక్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. విజయవాడ వైపు వెళ్లే రైలెక్కితే మహబూబాబాద్ దాటాక డోర్నకల్ వస్తుంది. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్యగారు 1912 నుంచి 1945లో కన్నుమూసేదాకా పనిచేసింది అక్కడే. కాబట్టి హాస్టల్ గదిలో నలుగురు పిల్లలు కూర్చుని పాట పాడుకోవడం ఈ ఊళ్లో నిన్నా మొన్నా పుట్టిన ముచ్చట కాదు.

గుంపులో నేర్చుకునేదేమిటి?

కాలేజీల్లో క్రైస్తవ విద్యార్థుల సంఘాలు ఎన్నో రకాలు. స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ మన దేశంలో 1912లో మొదలైంది. కేథలిక్ విద్యార్థులకు 1924లో పుట్టిన ఐకఫ్ ఉంది. 1954లో యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. పిల్లల నోట్లో అది 'యుఈఎస్ఐ'. కాలేజీలో ఉండే విద్యార్థుల గుంపును 'ఈయూ' అంటారు. చదువు ముగించి ఉద్యోగాల్లో చేరినవాళ్ల గుంపు 'ఈజీఎఫ్'. పెద్దవాళ్లు వెనక ఉండి సాయపడతారు గానీ, కాలేజీలో గుంపు నడిపేది విద్యార్థులే. నేను చెప్పే మాటలకు కీలకమంతా ఇక్కడే ఉంది.

బయటివాళ్లు దీన్ని భజన బృందం అనుకుంటారు. కాస్త దగ్గరికెళ్లి చూడండి. పదిమంది గుండ్రంగా కూర్చుంటారు. బైబిల్లో ఒక భాగం తీస్తారు. ఆ రోజు నడిపే అమ్మాయి ఉపన్యాసం ఇవ్వదు, ప్రశ్నలు అడుగుతుంది. "ఇక్కడ ఈవిడ ఎందుకు ఏడ్చింది? ఆయన వెంటనే ఎందుకు జవాబివ్వలేదు? మీరైతే ఏం చేస్తారు?" అని. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చెప్పాలి. అట్లా నడిపించాలంటే ఆ అమ్మాయి ముందురోజు ఆ భాగాన్ని నాలుగుసార్లు చదవాలి. అవునూ కాదూ అని తేలిపోని ప్రశ్నలు తయారుచేసుకోవాలి. ఎక్కువ మాట్లాడేవాణ్ణి నొప్పించకుండా ఆపాలి. మూలన కూర్చుని చున్నీ అంచు నలుపుకుంటున్న ఫస్టియర్ పిల్ల చేత ఒక్క మాటైనా అనిపించాలి. ఇప్పుడు పెద్ద కంపెనీలు డబ్బు పోసి నేర్పించే విద్య ఇది. మా హాస్టల్ టెర్రస్ మీద, నీళ్ల ట్యాంకు నీడలో, అది మాకు ఉచితంగా దొరికింది.

ఇక సెలవుల్లో క్యాంపు పెడితే ఆ సందడే వేరు. అరవై మందికి బియ్యం ఎంత పడతాయి, కాయగూరలు ఏ మార్కెట్లో చవక, రైలు టిక్కెట్లు ఎవరు చేయించాలి, చందాల లెక్క ఎవరు రాయాలి, రాత్రి ఒక పిల్లకు జ్వరమొస్తే ఎవరు ఆటో పిలవాలి? ఇవన్నీ పంతొమ్మిదేళ్ల పిల్లలే చూసుకునేవారు. ఇంట్లో పది రూపాయల నోటు కూడా అడిగి తీసుకోవాల్సిన పిల్ల ఇక్కడ వేల రూపాయల లెక్క రూపాయి తేడా రాకుండా అప్పజెప్పేది.

అన్నిటికన్నా ముఖ్యం, స్నేహం. కొత్త ఊరు, ఇంగ్లీషు మీడియం, అర్థంకాని పాఠాలు, హేళన చేసే తోటివాళ్లు. ఆ మొదటి మూడు నెలల్లో "తిన్నావా చెల్లీ?" అని అడిగే ఒక అక్క దొరకడం ఎంత పెద్ద విషయమో హాస్టల్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఇందాక చెప్పిన అజరయ్యగారు బిషప్ కాకముందు చాలాకాలం వైఎంసీఏలో యువకుల మధ్య పనిచేసిన మనిషి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే, ఆయన ఆ తెల్లదొరల ముందు నిలబడి, మీరు త్యాగాలు చేశారు, సంతోషమే, మాకు స్నేహితులు కూడా కావాలి అని నిర్మొహమాటంగా అడిగారు. పైనుంచి దయ చూపించడం వేరు, పక్కన కూర్చోవడం వేరు అని ఆయన ఉద్దేశం. కాలేజీ గుంపు బాగా నడిస్తే ఆ పక్కన కూర్చోవడమే అక్కడ జరుగుతుంది.

ఆ తర్వాత?

ఆ తర్వాత డిగ్రీ అయిపోతుంది. పెళ్లవుతుంది. పిల్ల అత్తగారి ఊరి చర్చికి వెళ్తుంది. కుడివైపో ఎడమవైపో ఆడవాళ్ల చాపల మీద, తలమీద కొంగుతో, చంటిపిల్లను ఒళ్లో వేసుకుని వెనక వరసలో కూర్చుంటుంది. పాట ఎత్తుకోమంటే ఎత్తుకుంటుంది. క్రిస్మస్‌కి ముగ్గులు, కేకులు, స్టార్లు ఆమె పని. ఉపవాస కూడికకు వచ్చినవాళ్లకు టీ ఆమె పని. సంఘం లెక్కలు, కమిటీ, వాక్యం, వాదన మాత్రం మగవాళ్ల పని.

నా సంగతే చెప్తాను. పెళ్లయిన కొత్తలో, మేం వెళ్లే ఒక సంఘంలో యువకుల కూడికకు మాట్లాడేవాళ్లు దొరకలేదని అనుకుంటుంటే, "నేను బైబిలు స్టడీ నడపగలను" అన్నాను. అక్కడున్న పెద్దాయన ఎంతో ప్రేమగా నవ్వి, "అమ్మా, మీరు టీల సంగతి చూడండి, అదే పెద్ద పరిచర్య" అన్నారు. కోపగించుకుని ఉంటే జవాబు చెప్పేదాన్నేమో. అంత ప్రేమగా అన్న మాటకు ఏం చెప్తాం? ఇంటికొచ్చాక మా అత్తమ్మ కూడా "పెండ్లయినంక గవన్నీ ఎందుకు బిడ్డా" అన్నది. ఆమెను తప్పుబట్టను. ఆమెకు ఎవరూ నోరు తెరవమని చెప్పలేదు మరి. నాకు కథలు రాసే అలవాటు ఉండబట్టి నా మాట కాగితం మీదికి ఎక్కింది. ఆ అలవాటు లేని నా స్నేహితుల మాటలు ఎక్కడికి పోయాయి?

మా రోజుల్లో మా గుంపు నడిపిన అక్క ఒకావిడ ఉండేది. మెడికల్ కాలేజీ పిల్లలు, ఇంజనీరింగ్ పిల్లలు కూడా ఆమె అడిగే ప్రశ్నలకు తల గోక్కునేవారు. కొన్నేళ్ల తర్వాత ఒక పెళ్లిలో కలిసింది. "ఏం చేస్తున్నావక్కా?" అంటే, "ఏముంది, సండే స్కూల్లో పిల్లలకు రంగులు వేయిస్తున్నా" అంది. పిల్లలకు రంగులు వేయించడం చిన్న పని అని నేననను. కానీ పాతికమంది పట్టభద్రులను ఆలోచింపజేసిన మనిషికి సంఘం చూపించిన పని అదొక్కటేనా?

"ఇది మా మనసులో మాట కాదమ్మా, వాక్యంలో ఉంది" అంటారు పెద్దలు. కొరింథీ సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలో, సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలన్న మాట ఉందని చూపిస్తారు. నిజమే, ఉంది. అదే పత్రికలో అంతకుముందు అధ్యాయాల్లోనే స్త్రీలు ప్రార్థన చేయడం, ప్రవచించడం గురించి కూడా ఉంది. మౌనంగా ఉంటే ప్రవచించేదెట్లా? అపొల్లో అంతటి పండితుడికి తప్పు సరిదిద్ది వివరించి చెప్పినవాళ్లలో ప్రిస్కిల్ల ఉంది. రోమా పత్రిక చివర పౌలు ఫీబేను సంఘ పరిచారకురాలని గౌరవంగా పరిచయం చేస్తాడు. యేసు తిరిగి లేచాడన్న కబురు మొదట మోసుకెళ్లింది మగ్దలేనే మరియ. ఆ రోజు ఆమెను ఎవరైనా టీల సంగతి చూడమని ఉంటే? ఈ ప్రశ్నలు అడగడం మాకు నేర్పింది కాలేజీ గుంపే. నేర్పినవాళ్లే తర్వాత అడగొద్దంటే ఎట్లా?

దారి వేసినవాళ్లు లేకపోలేదు

ఆడవాళ్లు ముందు నడిచిన చరిత్ర విద్యార్థి ఉద్యమాల్లో మొదటినుంచీ ఉంది. ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల సమాఖ్య 1895లో స్వీడన్‌లో పుట్టింది. 1905 నుంచి 1924 వరకు రూత్ రౌజ్ అనే ఇంగ్లీషు మహిళ దానికి కార్యదర్శిగా, దేశదేశాల కాలేజీలు తిరిగి ఆడపిల్లలను కూడగట్టారు. అంతకుముందు ఆమె కొంతకాలం మన బొంబాయిలో పనిచేశారు కూడా. మన దేశం నుంచి లీలావతి సింగ్‌గారు ఉన్నారు. లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కాలేజీలో పాఠాలు చెప్పిన పంతులమ్మ ఆమె. ఆ సమాఖ్యలో మహిళల విభాగం బాధ్యత మోశారు. 1909లో అమెరికాలో కన్నుమూశారు. ఆడపిల్ల బడికెళ్తేనే వింతగా చూసే కాలంలో ఒక భారతీయ స్త్రీ ప్రపంచంలోని విద్యార్థినుల తరఫున మాట్లాడిందన్నమాట. మన సండే స్కూళ్లలో పిల్లలకు ఈ పేరు ఎందుకు చెప్పం?

అంత దూరం కూడా వద్దు. మన తెలుగు ఆడబిడ్డ, కర్నూలు జిల్లా పల్లెలో పుట్టిన ఇ. పుష్పలలితగారు 2013 సెప్టెంబరులో నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆమె మొదటి మహిళా బిషప్. ఆ సంఘం 1970లలోనే స్త్రీలను గురువులుగా అభిషేకించడం మొదలుపెట్టింది. 1947లో డోర్నకల్ మండలం కూడా చేరింది ఆ సంఘంలోనే. అంటే ఆడవాళ్లు వాక్యం చెప్పవచ్చునా లేదా అన్న ప్రశ్నకు కనీసం ఒక పెద్ద సంఘం కాగితం మీద ఎప్పుడో జవాబిచ్చేసింది. కాగితం మీద ఉన్నది ఊళ్లోకి రావడమే ఆలస్యం.

గుంపుల్లోనూ దిద్దుకోవాల్సినవి ఉన్నాయి

తప్పంతా చర్చిలదే అని చేతులు దులుపుకోలేం. కాలేజీ గుంపుల్లో కూడా కొన్ని పాత అలవాట్లు చాప కింద నీరులా ఉన్నాయి. కార్యదర్శి అంటే అబ్బాయి, ప్రార్థనల బాధ్యత అంటే అమ్మాయి. మీటింగు వేళ సాయంత్రం ఏడింటికి పెడతారు. అమ్మాయిల హాస్టల్ గేటు అప్పటికే మూస్తారని ఎవరికీ గుర్తుండదు. తర్వాత "సిస్టర్స్ రావట్లేదు, భక్తి తగ్గింది" అంటారు! గేటు మూసింది వార్డెను, తగ్గింది భక్తి. ఇదేం లెక్క?

రెండోది, పెళ్లి. క్యాంపుల్లో కుటుంబ జీవితం గురించి చక్కగా బోధిస్తారు. భార్య లోబడాలన్న దగ్గర చాలాసేపు ఆగుతారు. కట్నం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. "ప్రార్థనాపరురాలైన, ఉద్యోగం చేసే వధువు కావలెను" అని ప్రకటన ఇస్తారు, వెనకాల కారు సంగతి కనుక్కుంటారు. కట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అది అన్ని మతాలవాళ్లకూ వర్తిస్తుంది. వీలునామా లేకుండా తండ్రి పోతే కొడుకుతో సమానంగా కూతురికీ వాటా వస్తుందని 1925 నాటి భారత వారసత్వ చట్టం క్రైస్తవ ఆడపిల్లలకు చెప్తోంది. విడాకుల విషయంలో 1869 నాటి చట్టం భార్యను చిన్నచూపు చూసేది. భర్తకు భార్య వ్యభిచారం రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం దానితోపాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. 2001లో సవరించాక ఇద్దరికీ ఒకే న్యాయం వచ్చింది. డిగ్రీ అయిపోయి గుంపు వదిలి వెళ్లే అమ్మాయికి బైబిలు వచనాలతోపాటు ఈ నాలుగు ముక్కలు కూడా చెప్పి పంపితే ఏం పోయింది? చట్టం తెలిసిన పిల్ల భక్తి తగ్గిపోదు.

మూడోది, దిగులు. మన దేశంలో 2022 ఒక్క ఏడాదే 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని నేర గణాంకాల బ్యూరో లెక్క. రాత్రిళ్లు నిద్రపట్టక, తిండి సహించక, "నేనెందుకు బతకాలి" అంటున్న పిల్లకు "విశ్వాసం చాలట్లేదు, ఇంకా ప్రార్థించు" అని చెప్పడం స్నేహం కాదు. జ్వరమొస్తే ఆటో పిలిచారు కదా, మనసుకు జ్వరమొచ్చినా పిలవండి. పక్కన కూర్చుని ప్రార్థించండి, పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416 ప్రతి గుంపులో ప్రతి పిల్ల ఫోన్లో ఉండాలి. ప్రార్థనా మందూ సవతులు కావు.

నాలుగోది కాస్త సున్నితమైన మాట. పక్క మంచం పిల్ల వేరే మతం అమ్మాయి అయితే, ఆమెను పిలవడం వేరు, వెంటపడడం వేరు. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తోంది. తమ గదిలో, తమ ఇష్టంతో పిల్లలు ప్రార్థించుకోవడం వాళ్ల స్వేచ్ఛ. అదే స్వేచ్ఛ "నాకొద్దు" అనే పిల్లకూ ఉంది. పరీక్షల ముందు భయంలో ఉన్న జూనియర్‌ని పట్టుకుని మతం మాట్లాడితే అది సువార్త అనిపించుకోదు, అదను చూసుకోవడం అనిపించుకుంటుంది. నా గదిలో ఉన్న అమ్మాయి ప్రతి శనివారం వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టేది. నేను బైబిలు చదువుకునేదాన్ని. మూడేళ్లూ ఒకే గిన్నెలో మ్యాగీ తిన్నాం. ఇప్పటికీ నా కథ ఎక్కడ పడినా మొదట ఫోను చేసేది ఆమే.

చెప్పుకోలేని పేరు

ఈ పిల్లల గొంతు పూడుకుపోయేది పెళ్లితోనే కాదు. కాలేజీలో చేరేరోజు ఫారం నింపేటప్పుడే ఒక ముల్లు గుచ్చుకుంటుంది. మతం అన్నచోట ఏం రాయాలి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు బీసీ 'సి' కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. ఈ విషయం పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

చట్టం సంగతి కోర్టులు, కమిషన్లు చూసుకుంటాయి. నేను చెప్పేది ఆ పిల్ల మనసు సంగతి. వాడకట్టులో అందరికీ ఆమె ఎవరో తెలుసు. ఊళ్లో ఆమె నీళ్లు పట్టుకునే చోటు కూడా మతం మారినంత మాత్రాన మారలేదు. కాగితం మీద మాత్రం ఒకటి ఎంచుకో అంటారు. అందుకే కొందరు పిల్లలు ప్రార్థనకు వస్తారు గానీ ఫోటోలో నిలబడరు. పాట పాడతారు గానీ పేరు రాయనివ్వరు. వాళ్లను "ధైర్యం లేనివాళ్లు" అని గుంపులో ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. నాన్న కూలికి పోతే తప్ప ఫీజు కట్టలేని పిల్ల మీద రాళ్లు వేయడానికి మనమెవరం? ఆమె పేరు రిజిస్టర్లో లేకపోయినా పక్కన చోటు ఉంచండి. అదే ఆమెకు కావాల్సిన ధైర్యం.

మనం చేయగలిగింది

ఇప్పుడు నా సోదరీమణులతో రెండు మాటలు. మీలో క్రైస్తవులు కానివాళ్లు "ఇది మా గొడవ కాదు" అనుకోకండి. కాలేజీలో ఎన్నెస్సెస్ క్యాంపు నడిపిన అమ్మాయి, విద్యార్థి సంఘంలో నినాదం ఇచ్చిన అమ్మాయి, నాటకంలో రుద్రమదేవి వేషం కట్టిన అమ్మాయి, వీళ్లంతా మీ ఇళ్లలోనూ ఉన్నారు. మీ కోడలు కాలేజీలో ఏం చేసేదో ఎప్పుడైనా అడిగారా? చదువు, ఉద్యోగం, జీతం అడుగుతాం. "నువ్వు దేంట్లో ముందుండేదానివమ్మా?" అని అడగం. అడిగి చూడండి. ఆమె ముఖం ఎట్లా మారుతుందో చూడండి.

సంఘ పెద్దలకు నా విన్నపాలు పెద్దవేమీ కావు. కాలేజీ గుంపుల నుంచి వచ్చిన ఆడపిల్లల పేర్లు, వాళ్లు అక్కడ చేసిన పనులు ఒక నోటుబుక్కులో రాసుకోండి. నెలకొక్కసారి వాళ్లలో ఒకరిచేత బైబిలు స్టడీ నడిపించండి, ఆడవాళ్లకు మాత్రమే కాదు, అందరికీ. లెక్కలు రాసే కమిటీలో ఇద్దరు ఆడవాళ్లను పెట్టండి. అరవై మంది క్యాంపును రూపాయి తేడా లేకుండా నడిపినవాళ్లు మీ కానుకల పెట్టెను నడపలేరా? ఆరోజు టీ మాత్రం అన్నదమ్ములు పెట్టాలి. అది పెద్ద పరిచర్య అని మీరే అన్నారు కదా!

కాలేజీ గుంపు నడుపుతున్న పిల్లలకు ఒక్క మాట. కమిటీలో మొదటి పదవి ఒక ఏడాది అబ్బాయికిస్తే మరు ఏడాది అమ్మాయికివ్వండి. మీటింగు వేళ అమ్మాయిల హాస్టల్ గేటు చూసి పెట్టండి. చదువైపోయిన అక్కలను పెళ్లి శుభలేఖ అందగానే మర్చిపోకండి, ఏడాదికొకసారి పిలిచి మాట్లాడించండి. పిల్లను ఎత్తుకుని వస్తారు, రానివ్వండి. వాళ్లు మాట్లాడినంతసేపు ఆ పిల్లను ఎవరో ఒక తమ్ముడు ఆడించవచ్చు.

ఇక నాలాంటి అక్కచెల్లెళ్లకు. మనల్ని ఎవరో వచ్చి పిలుస్తారని కూర్చుంటే ఆ పిలుపు రాకపోవచ్చు. మీ వాడలో ఇంటర్ చదివే ఆడపిల్లలు నలుగురుంటారు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక గంటసేపు మీ వరండాలో కూర్చోబెట్టండి. ప్రార్థనతో మొదలుపెడతారో, పత్రికలో వచ్చిన కథతో మొదలుపెడతారో మీ ఇష్టం. ఉపన్యాసం మాత్రం ఇవ్వకండి, ప్రశ్నలు అడగండి. మూలన కూర్చున్న పిల్లచేత ఒక్క మాటైనా చెప్పించండి. ఆ విద్య మనకు వచ్చు, మర్చిపోలేదు. నేర్పినవాళ్లకు దాన్ని తిరిగి ఇవ్వలేం గానీ, మన తర్వాత వచ్చేవాళ్లకు అందించగలం.